గుడ్డు గోడలో పిలుపు

పైడితల్లి పొద్దున్నే గోడలోకి పంపిన శబ్దం మధ్యాహ్నం భోజనాల వేళకి తిరిగి వస్తుంది. వచ్చేసరికి మోకాళ్ళ దాకా తడిసి ఉంటుంది.

తడిసిందని ఎలా తెలిసిందంటారా? యంత్రం తెర మీద పచ్చటి గీత ఒకటి ఎప్పుడూ పాకుతూ ఉంటుంది. వెళ్ళిన శబ్దం తిరిగొచ్చినప్పుడల్లా ఆ గీత ఒకచోట నిటారుగా లేచి నిలబడుతుంది. ఇవాళ లేచిన గీత అడుగు నుంచి నీళ్ళు కారుతున్నాయి. పైడితల్లి వేలితో తుడిచి నాలిక్కి రాసుకుంటుంది. ఉప్పగా ఉన్నాయి. సముద్రం నీళ్ళేలే అనుకుని, చున్నీ కొసతో తెర తుడిచేస్తుంది.

తడిసి రావడం ఆవిడకేమంత పెద్ద విషయం కాదు. ఆలస్యం పెద్ద విషయం. గోడ మందం జానెడు. ఆ జానెడూ దాటి, అవతలి అంచు తాకి, తిరిగి రావడానికి శబ్దానికి రెప్పపాటు కూడా పట్టకూడదు. పొద్దున్న వెళ్ళింది భోజనాలకి వచ్చిందంటే దారిలో ఎక్కడో ఆగిందన్నమాట. ఎక్కడ? ఎవరి దగ్గర? పైడితల్లికి ఒళ్ళు ఝల్లుమంటుంది. ఎన్నేళ్ళుగా చేస్తున్న పనైనా సరే, తెర మీద తెలియని గీత కనబడితే చాలు, ఆవిడకి జాతరకి బయల్దేరిన చిన్నపిల్లంత సంబరం వచ్చేస్తుంది. ఇవాళ మాత్రం ఆ సంబరం కింద గుండె దడదడలాడుతోంది.

గోడ అంటే ఇంటి గోడ అనుకునేరు. విశాఖపట్నం హార్బరు పక్కన ఒక రేకుల షెడ్డులో నల్లటి గుడ్డు కూర్చుని ఉంది. ఇద్దరు మనుషుల ఎత్తు. నల్లటి నారబట్ట పరిచి, జిగురు పట్టించి, మళ్ళీ బట్ట, మళ్ళీ జిగురు, ఇలా పొర మీద పొర వేసి, పెద్ద పొయ్యిలో ఉడకబెట్టి గట్టిపరిచిన గుడ్డు. ఇనుముకన్నా గట్టిది, ఇనుముకన్నా తేలిక. అందులో ఒక మనిషి కూర్చుని సముద్రం అట్టడుగుకి వెళ్ళాలి. అక్కడ నీళ్ళు నాలుగు వైపుల నుంచీ ఏనుగుల మందలా నొక్కుతాయి. పొరల మధ్య ఎక్కడైనా బఠాణీ గింజంత గాలి చిక్కుకుని ఉందా, ఇంక అంతే! ఆ డొల్ల దగ్గర పొరలు విడిపోతాయి, గుడ్డు చితికిపోతుంది. లోపలి మనిషి సంగతి వేరే చెప్పక్కర్లేదు.

ఆ మనిషి పైడితల్లి చెల్లెలు నూకాలు.

గుడ్డు పగలగొట్టి చూస్తే లోపల ఏముందో ఎవరైనా చెబుతారు. పగలగొట్టకుండా చెప్పడం పైడితల్లి ఉద్యోగం. బొటనవేలంత ప్రోబు ఒకటి గోడకి ఆనించి నొక్కుతుంది. అందులోంచి మనిషి చెవికి అందని సన్నటి శబ్దం గోడలోకి వెళుతుంది. గట్టి సరుకులో అది ఎంత దూరమైనా పోతుంది గానీ, గాలంటే దానికి మహా బెరుకు. పిసరంత గాలి తగిలినా చటుక్కున వెనక్కి తిరిగి వచ్చేస్తుంది. అందుకే ప్రోబుకీ గోడకీ మధ్య గాలి లేకుండా ఏదో ఒకటి పూయాలి. కంపెనీ వాళ్ళు దానికని ట్యూబుల్లో జెల్లు పంపిస్తారు. ఈ షెడ్డులో దాన్ని ఎవరూ ముట్టుకోరు, గంజి పూస్తారు. పొద్దున్నే ఇంటి నుంచి క్యారేజీ గిన్నెలో చిక్కటి గంజి తెచ్చుకుంటారు. అందులో ఉప్పు మాత్రం వెయ్యరు. వేస్తే ఎవరో ఒకరు తాగేస్తారు.

"అప్పా! ఎలగున్నాది నా గుడ్డు? గట్టిగున్నాదా?"

నూకాలు పరిగెత్తుకుంటూ వచ్చేసింది. అక్కని అప్ప అని పిలవడం వాళ్ళ పేటలో అలవాటు. ఈ పిల్లకి కాలు ఒక్కచోట నిలవదు. సముద్రం అడుగుకి వెళ్ళే మనిషి కావాలని అడిగినప్పుడు అందరికన్నా ముందు చెయ్యెత్తింది నూకాలే. ఎత్తిన చెయ్యి దించమంటే నాలుగు రోజుల దాకా దించలేదు. అన్నం కూడా ఎడమ చేత్తోనే తిన్నది.

"నిలబడవే ఒకచోట," అంటుంది పైడితల్లి. "మద్దెలో ఏదో ఉన్నాది. సూస్తన్నాను."

"ఏటున్నాదప్పా? బేగి సూడు. పోటుకి లోతొచ్చీసిద్ది."

ఇవాళ సాయంత్రం పోటుకి సముద్రంలో అన్నిటికన్నా లోతైన చోటు జెట్టీ దగ్గరికి వస్తుంది. ఓడేసుకుని దాన్ని వెతుక్కుంటూ పోనక్కర్లేదు, అదే వస్తుంది. కాసేపు జెట్టీ మెట్లకి ఆనుకుని నిలబడుతుంది. గుడ్డు సిద్ధంగా ఉంటే తీసుకుంటుంది, లేకపోతే తన దారిన తాను వెళ్ళిపోతుంది. మళ్ళీ ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు, దానికే తెలియదు.

ఈలోగా అవధాని సార్ వస్తారు. ఆయన షెడ్డుకి పెద్ద. ఆయన పొరలు పొరలుగా వస్తారు. ముందు నవ్వే పొర వచ్చి, "అంతా శుభమేనా తల్లీ?" అంటుంది. అది కుర్చీలో కూర్చున్నాక, వెనకాలే గడియారం చూసుకునే పొర వస్తుంది. ఆఖరున ఉల్లిపొరంత పల్చటి పొర ఒకటి గోడ పట్టుకుని మెల్లగా వస్తుంది. అది భయపడే పొర. పని వత్తిడికి సార్ విడిపోయారని షెడ్డులో అందరికీ తెలుసు, ఎదుట ఎవరూ అనరు.

"మధ్యలో చిన్న గీత లేచింది సార్. డొల్లేమో."

"ఎంత డొల్ల?" గడియారం పొర అడుగుతుంది.

"ఇంకా తెలీదండి."

"ఆవగింజంత అయితే వదిలేద్దామమ్మా," అంటుంది నవ్వే పొర. "ఇంత గుడ్డులో ఆవగింజ ఏపాటి?"

"ఆవగింజ చిన్నదే సార్. దాని పక్కన మా చెల్లి కూర్చుంటాది."

నవ్వే పొర నవ్వుతూనే ఉంటుంది, దానికి ఇంకో పని రాదు. భయపడే పొర మాత్రం మిగతా రెండూ చూడకుండా పైడితల్లి చెవి దగ్గరికి వంగి, "జాగ్రత్తగా చూడు తల్లీ, నాకు రాత్రుళ్ళు నిద్ర పట్టడం లేదు," అంటుంది. పైడితల్లికి జాలేస్తుంది. ఆ పొరకి ఓ గుక్కెడు మంచినీళ్ళిచ్చి పంపిస్తుంది.

డొల్ల ఎంతదో తేలాలంటే ముందు దిమ్మ చూసుకోవాలి. దిమ్మ అంటే అదే నల్లబట్టతో, అదే జిగురుతో చేసిన ఇటుకంత ముక్క. అందులో కావాలని ఒక చిల్లు పెడతారు. తెలిసిన చిల్లు యంత్రానికి ముందు చూపిస్తేనే, తెలియనిది ఎంతదో అది పోల్చి చెప్పగలుగుతుంది. పైడితల్లి బల్ల దగ్గరికి వెళ్ళి చూస్తే, దిమ్మ నున్నగా ఉంది. చిల్లు దిమ్మ బయట, బల్ల మీద, గంజి గిన్నె పక్కన కూర్చుని ఉంది.

"ఓలమ్మో, బయటికొచ్చీసినావేటి?" అంటుంది పైడితల్లి. చిల్లు ఏమీ అనదు. చిల్లు కదా, అనడానికేముంటుంది?

అప్పుడు పైడితల్లికి ఆలోచన తడుతుంది. తట్టడం అంటే అలా ఇలా కాదు, రెండు చెవులూ వేడెక్కిపోతాయి. చిల్లుని రెండు వేళ్ళతో జాగ్రత్తగా ఎత్తి, దాని అంచుల చుట్టూ గంజి రాసి, గుడ్డు గోడకి అంటిస్తుంది. గట్టిగా నొక్కి పక్కలకి లాగితే మనిషి పట్టేంత అవుతుంది. ఆ చిల్లు గుడ్డుది కాదు, దిమ్మది. కాబట్టి గుడ్డుకి ఏమీ కానట్టే లెక్క. పగలగొట్టకుండా చూడటమంటే ఇదే మరి.

"ఒలే నూకాలూ, అంచట్టుకో. జారిపోకుండా సూసుకో," అని చెప్పి, చెప్పులు బయట విడిచి, పైడితల్లి గోడలోకి దిగుతుంది.

బయట జానెడు గోడ. లోపల నడక పూటంత. రెండు వైపులా నల్లబట్ట పొరలు ఆరేసిన చీరల్లా వేలాడుతున్నాయి. ఒకదాని పోగులు నిలువుకి ఉంటే, దాని పక్కదాని పోగులు అడ్డానికి ఉన్నాయి, ఆ పైది ఏటవాలు. పైడితల్లి వెళుతూ వెళుతూ ఒక్కో పొరనీ అరచేత్తో తడుముతుంది. గట్టిగా ఉంది. ఇది గట్టిది. ఇదీ గట్టిదే. భలే వేశారే అనుకుంటుంది. జిగురు వాసన ఘాటుగా ముక్కుకి తగులుతోంది. కిందంతా తడి. శబ్దం మోకాళ్ళు తడుపుకుని వచ్చింది ఇక్కడినుంచే. గోడ ఇంకా సముద్రం చూడలేదు గానీ, చూడబోయే సముద్రం అప్పుడే ఇందులోకి ఊరుతోంది. పైడితల్లి పాంటు మడిచి నడక వేగం పెంచుతుంది.

నడవగా నడవగా రెండు పొరల మధ్య ఒక గది కనబడుతుంది. గది అంటే ఎంత? కోడిపిల్ల పడుకునేంత. అందులో ఒక పిలుపు నిలబడి ఉంది. పిలుపుకి తల లేదు, కళ్ళు లేవు. ఒక నోరూ రెండు చేతులూ ఉన్నాయి. పై పొర కిందికి దిగకుండా రెండు చేతులతోనూ ఎత్తి పట్టుకుని ఉంది. దాని ఒంటినిండా చుట్టపొగాకు వాసన.

"నూకాలూ... ఓ నూకాలూ..." అంటోంది.

పైడితల్లికి ఒక్కసారి కాళ్ళ కింద తడి ఇంకా చల్లబడినట్టవుతుంది. ఆ గొంతు ఆవిడకి తెలుసు. గుడ్డుకి పొరలు పరిచిన పోలయ్య మావ గొంతు.

"నువ్వు నూకాలువేనా?" అడుగుతుంది పిలుపు.

"కాదు. దానప్పని."

"అయితే నీతో నాకు పని లేదు. జవాబు నువ్వు సెప్పకూడదు."

"నువ్వు ఇక్కడుంటే గుడ్డు సితికిపోద్ది. మా నూకాలు సచ్చిపోద్ది. నీకు పున్నెముంటాది, బయటికొచ్చీ."

"జవాబు రాకుండా ఎల్లిపోతే నన్ను పిలుపంటారా?" అంటుంది పిలుపు. కోపమేమీ లేదు దాని మాటలో, ఉన్న సంగతి చెబుతోంది. "చేతులు లాగేత్తన్నాయమ్మా. బేగి పంపించు ఆ నూకాలు గుంటని."

పైడితల్లి వెనక్కి తిరిగి ఒకటే పరుగు. వచ్చేటప్పుడు పూట పట్టిన దారి పోయేటప్పుడు నాలుగంగల్లో అయిపోతుంది. బయటికి దూకి, చిల్లుని గోడ మీంచి ఊడబెరికి, మళ్ళీ దిమ్మలో కూరి, "మావా! ఓ పోలయ్య మావా!" అని షెడ్డు దద్దరిల్లేలా కేకేస్తుంది.

పోలయ్య మావ ఇదివరకు చెక్క పడవలు కట్టేవాడు. చెక్క పడవలు తగ్గిపోయాక ఈ షెడ్డులో నల్లబట్ట పరిచే పనికి కుదిరాడు. చెయ్యి పెట్టాడంటే బట్టలో ముడతనేది ఉండదు. పరిచేటప్పుడు ముక్కుకీ మూతికీ గుడ్డ కట్టుకోవాలి, మాట్లాడకూడదు, ఊపిరి కూడా పక్కకి తిరిగి వదలాలి. అది ఇక్కడి కట్టుబాటు.

"మావా, గుడ్డులోకి పేరు పిలిసినావేటి?"

పోలయ్య మావ ముఖం చింతపండు తిన్నట్టు అయిపోతుంది. "పిలవకపోతే ఎలగమ్మా?" అంటాడు. "పడవకి ఆఖరి చెక్క బిగించే ముందు, ఆ సందులో నోరెట్టి, ఎక్కబోయేవోడి పేరు పిలవాలి. మా నాయిన పిలిసీవోడు, నానూ పిలిసీవోణ్ని. పిలవకపోతే ఎవుళ్ళని ఎనక్కి తేవాలో పడవకేటి తెల్సు? ఆఖరి బట్ట పరిసేటప్పుడు మూతిగుడ్డ తీసి ఒక్కసారి, ఒక్కసారే..."

"పడవయితే ఎక్కేవోడు పక్కనే ఉండి 'వత్తన్నా' అంటాడు కదా మావా!"

"అంటాడు. అనీసరికి పిలుపు సెక్కలోంచి ఎల్లిపోద్ది." మావ గుడ్డు వైపు చూస్తాడు. "ఆరోజు నూకాలు నేదు. ఈత నేర్సుకోడానికి పోనాదన్నారు. బట్ట ఎండిపోతంటే ఆగలేకపోనాను. నా తల్లిని నానే సంపుకుందును కదమ్మా!"

ఆ పెద్దమనిషి రెండు చేతులతో ముఖం కప్పుకుని భోరుమంటాడు. పైడితల్లికి ఒక పక్క తిట్టాలనీ ఉంది, ఒక పక్క పట్టుకుని తనూ ఏడవాలనీ ఉంది. చెల్లెలు క్షేమంగా తిరిగి రావాలని ఈ లోకంలో తను కాక కోరుకున్నవాడు ఈ మావ ఒక్కడే. ఆ కోరికే తీసుకెళ్ళి గోడలో డొల్లగా పెట్టాడు. ఆవిడ తిట్టనూ లేదు, ఏడవనూ లేదు. మావ చేతులు తీసి, కళ్ళు తుడిచి, "ఇప్పుడనిపిత్తే పోద్ది కదా. లెగు," అంటుంది.

నూకాలు అప్పుడే గుడ్డుకి నోరు ఆనించి నిలబడింది. "వత్తన్నా!" అని గట్టిగా అరుస్తుంది. అరుపు నల్లగోడ మీద చేమాకు మీది నీళ్ళలా జారి కింద పడుతుంది. మళ్ళీ అరుస్తుంది, మళ్ళీ జారిపోతుంది. షెడ్డు నేలంతా 'వత్తన్నా'లు పొర్లుతున్నాయి. గడియారం పొర ఒకదాని మీద కాలేసి జారి పడబోయింది. "లోతు హార్బరు ముఖద్వారం దగ్గరికి వచ్చేసిందట! ఏదో ఒకటి చెప్పండి!" అని గగ్గోలు పెడుతుంది.

"మామూలు గొంతు గోడలోకి ఎల్లదే," అంటుంది పైడితల్లి. "సన్నం చెయ్యాలి. నా శబ్దమంత సన్నం. ఎవుళ్ళకీ వినబడనంత."

"ఎవుళ్ళకీ వినబడకపోతే దానికెలగ వినబడుద్ది?"

"గోడలో ఉన్నోళ్ళకి గోడ మాటే వినబడుద్ది. మాటాడకుండా ఇటు రా."

చెల్లెల్ని స్టూలు మీద కూర్చోబెట్టి, గొంతు మీద గంజి పూస్తుంది. గంజి చల్లగా తగిలేసరికి నూకాలు కితకితలతో మెలికలు తిరుగుతుంది. "నవ్వకే, నవ్వు లోపలికెల్లిపోతే ఇంకో డొల్ల," అని కసురుతుంది అక్క. ఒక ప్రోబు నూకాలు గొంతుకి, ఇంకొకటి గుడ్డు గోడకి, సరిగ్గా ఆ చోటుకి ఆనించి, "ఇప్పుడను. నోరు ముయ్యి, మనసారా అను," అంటుంది.

నూకాలు నోరు మూసుకుని, కళ్ళు మూసుకుని, అంటుంది.

పైడితల్లి యంత్రం మీది గుండీ తిప్పుతుంది. నూకాలు గొంతు ముందు ఈలలా సన్నబడుతుంది. ఇంకొంచెం తిప్పితే దోమలా. ఇంకా తిప్పితే సూదిమొనలా. ఆ తర్వాత ఎవరికీ ఏమీ వినబడదు. ఏమీ వినబడని ఆ క్షణాన హార్బరు కుక్కలన్నీ పడుకున్నవి పడుకున్నట్టే లేచి వరుసగా నిలబడతాయి. రేకుల సందుల్లో గబ్బిలాలు తలకిందులు మానేసి తిన్నగా కూర్చుంటాయి. జెట్టీ అవతల నీళ్ళలోంచి డాల్ఫిన్లు తలలు పైకెత్తి, షెడ్డుకేసి చూస్తూ ఊపిరి బిగబడతాయి. పైడితల్లి గుండీ మీద చెయ్యి తియ్యకుండానే, 'అమ్మా పైడితల్లీ, అమ్మా నూకాలమ్మా' అని ఊళ్ళో ఉన్న అమ్మవార్లందరినీ పేరుపేరునా మొక్కుకుంటోంది. నూకాలుకి అమ్మ పోయినప్పుడు రెండు నెలలు. చంకన వేసుకుని పెంచింది తను. అప్పుడు తన వయసు చంకన బరువు మొయ్యగలిగే వయసు కాదు. అయినా మోసింది, దించలేదు.

గుడ్డు లోపల ఎక్కడో 'టక్'మని చిన్న చప్పుడవుతుంది.

చేమంతి గింజంత పిలుపు ఒకటి గోడలోంచి బయటికి వచ్చి, చేతులు దులుపుకుని, నేల మీద నడుచుకుంటూ పోలయ్య మావ దగ్గరికి వెళ్ళి, పంచె పట్టుకుని పైకి పాకి, నోట్లోకి దూరుతుంది. మావకి ఎక్కిళ్ళు వస్తాయి, అంతే. అదే క్షణంలో అవధాని సార్ మూడు పొరలూ 'చప్'మని అంటుకుపోతాయి. చాలా కాలం తర్వాత ఒక్క మనిషై నిలబడిన సార్, నవ్వుతూ, గడియారం చూసుకుంటూ, భయపడుతూ, అన్నీ ఒకేసారి చేస్తూ, "పరీక్ష చెయ్యి తల్లీ, ఒక్కసారి చెయ్యి!" అని అరుస్తారు.

పైడితల్లి చేస్తుంది. శబ్దం ఇలా వెళ్ళి అలా వచ్చేసింది! మధ్యలో ఏ గీతా లేదు. అవతలి అంచు గీత మాత్రం నిటారుగా, పొడిగా లేచి నిలబడింది. దాని పక్కన దానికన్నా కాస్త పొట్టి గీత, దాని పక్కన ఇంకా పొట్టిది, ఆ పక్కన మరోటి. సరుకు గట్టిదైతే శబ్దం ఒక్కసారి వచ్చి ఊరుకోదు, అటూ ఇటూ మళ్ళీ మళ్ళీ తిరిగి వస్తూనే ఉంటుంది. తిరిగొచ్చిన ప్రతిసారీ గీత ఒకటి, ముందుదానికన్నా కొంచెం చిన్నది. వాటిని చూసి పైడితల్లి స్టూలు మీంచి లేచి గంతేస్తుంది. "గట్టిదే! రాయే! ఒలే నూకాలూ, రాయిలాగున్నాదే నీ గుడ్డు!" కుక్కలు మొరుగుతాయి, పోలయ్య మావ ఎక్కిళ్ళ మధ్య ఈల వేస్తాడు.

లోతు జెట్టీ మెట్లకి ఆనుకుని నిలబడి ఉంది. చుట్టూ నీళ్ళు నీలం, అది ఒక్కటీ కాటుక. క్రేను గుడ్డుని ఎత్తి మెట్ల దగ్గర పెడుతుంది. నూకాలు మూత తెరిచి ఒక కాలు లోపల పెట్టి ఆగుతుంది.

"అప్పా, భయమేత్తందా?"

"నాకా? నాకెందుకు?" అంటుంది పైడితల్లి. వెంటనే, "ఏత్తందే. శానా ఏత్తంది," అనేస్తుంది.

"గుడ్డు గట్టిదన్నావు కదప్పా."

"గుడ్డుకేటి, గట్టిదే. నాకు నువ్వు తప్ప ఎవుళ్ళున్నారే?"

నూకాలు అక్క మెడ చుట్టూ చేతులేసి, గంజి ఎండిన గొంతుతో, "ఇలగెల్లి అలగొచ్చీనా?" అంటుంది. ముఖం వెలిగిపోతోంది ఆ పిల్లకి. అంత సంతోషాన్ని ఆపడానికి ఎవరికి చేతులొస్తాయి? పైడితల్లి మూత తనే మూసి, తనే బిగిస్తుంది. లోతు గుడ్డుని ఒళ్ళోకి తీసుకుని, ఏ తొందరా లేకుండా దిగిపోతుంది.

అందరూ మెట్ల మీద నిలబడతారు. పైడితల్లి మాత్రం ఆఖరి మెట్టు మీద కూర్చుని, మిగిలిన గంజి సముద్రం మీద పూసి, ప్రోబు ఆనిస్తుంది. ఒక శబ్దం పంపిస్తుంది. తెర మీద గీత పాకుతూ ఉంటుంది, లేవదు. పొద్దు వాలుతోంది. గీత పాకుతూనే ఉంటుంది. నా చేతులతో బిగించి పంపానే అనుకుంటుంది పైడితల్లి. అంతకన్నా ముందుకి ఆలోచన వెళ్ళడానికి ఒప్పుకోదు.

గీత లేస్తుంది. తెర పైఅంచు దాటి, బయటికి, పైడితల్లి ముక్కుకి తగిలేటంత ఎత్తు!

నీళ్ళు రెండుగా విడిపోయి గుడ్డు మెట్ల మీదికి ఎక్కి కూర్చుంటుంది. ఎక్కడా గీటు కూడా లేదు. మూత తెరుచుకుని నూకాలు బయటికి దూకుతుంది. "అప్పా! కిందంతా ఎలుతురే! ఆకలేత్తంది!" అంటూ వచ్చి మీద పడుతుంది. పైడితల్లి చెల్లెల్ని వాటేసుకుని, నవ్వుతూ ఏడుస్తూ, వీపంతా తడిమి చూస్తుంది. గట్టిగా ఉంది. ఎక్కడా డొల్ల లేదు.

అలా తడుముతుండగానే గుడ్డులోంచి నూకాలు దిగుతుంది. తెర మీది గీతల్లాగే, మొదటి నూకాలుకన్నా కొంచెం పొట్టిది, కాలేజీ జడ వేసుకున్న నూకాలు. "అప్పా! ఎలుతురే!" అంటూ వచ్చి మీద పడుతుంది. దాని వెనక పరికిణీ కట్టుకున్న నూకాలు. దాని వెనక ముందుపళ్ళు ఊడినది. దాని వెనక బొడ్డు కనబడే చొక్కా తొడుక్కున్నది. ఒకరి వెనక ఒకరు దిగుతున్నారు, ప్రతి ఒక్కరూ తడిసి ముద్దయి, ప్రతి ఒక్కరూ ఆకలంటూ. పైడితల్లి ఒక్కరినీ వదలదు, వచ్చినదాన్ని వచ్చినట్టు దగ్గరికి తీసుకుంటుంది. పోలయ్య మావ తువ్వాలుతో తలలు తుడుస్తున్నాడు. సార్ భోజనాలకి మనిషిని పంపారు. అందరికన్నా చిన్నదాన్ని, రెండు నెలల దాన్ని, ముందున్న నూకాలు ఎత్తి అందిస్తుంది. పైడితల్లి దాన్ని చంకన వేసుకుంటుంది. చంక దానికి బాగా సరిపోతుంది.

ఇంక మూత వేసేద్దామని సార్ ముందుకి వెళతారు. "ఆగండి సార్!" అని పైడితల్లి అరుస్తుంది.

గుడ్డులోంచి మెట్ల మీదికి తడి అడుగులు దిగుతున్నాయి. మనిషి కనబడటం లేదు, అడుగులే. ఒక్కొక్కటి కందిబద్దంత ఉంది. వాటి వెనక నువ్వుగింజంత అడుగులు, వాటి వెనక ఇంకా సన్నవి. పైడితల్లి చంకనున్నదాన్ని దించకుండానే మోకాళ్ళ మీద కూర్చుని, చున్నీ తీసి మెట్టు మీద పరిచి, "మెల్లగా అమ్మా, మెల్లగా రండి, మెట్టు జారతాది," అంటుంది. పరిచిన చున్నీ కొంచెం కొంచెంగా బరువెక్కుతోంది.